మధ్య అమెరికాలో ఇద్దరు మిత్రుల యాత్ర - కోపాన్ శిలల సాక్ష్యము

యాత్రికుల వ్రాతలను చరిత్రకు ఆధారముగా గ్రహించుట మనకు క్రొత్త కాదు. హ్యూన్‌త్సాంగు వ్రాతలు లేకున్నచో హర్షుని కాలమును గూర్చి మనకు తెలిసినది చాల కొంచెమై యుండెడిది. తెలుగున ఏనుగుల వీరాస్వామయ్య 1830-31 సంవత్సరములలో తాను చేసిన కాశీయాత్ర వృత్తాంతమును మిత్రుడగు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళకు వ్రాసి పంపగా, ఆయన దానిని 1838లో ముద్రింపించెను. ఆ గ్రంథమును భాషకొరకును, సాంఘిక చరిత్రకొరకును మన విద్యార్థులు నేటికిని పరిశీలించుచున్నారు. అయితే యాత్రికుని మాట ఎచ్చట నమ్మదగినది, ఎచ్చట కాదు అను ప్రశ్నకు సామాన్య సూత్రములతో సమాధానము చెప్పుట సులభము కాదు. ఒక యాత్రాగ్రంథమును తీసికొని, దాని తీర్పులు తరువాతి పరిశోధనల యెదుట ఎట్లు నిలిచినవో చూచుటయే మేలు. కాశీయాత్ర అచ్చుపడిన మరుసటి యేడే న్యూయార్కు రేవునుండి బయలుదేరిన ఇద్దరు మిత్రుల మధ్యామెరికా యాత్ర ఇట్టి పరీక్షకు మిక్కిలి తగినదని మేము భావించుచున్నాము.

వీరిలో మొదటివాడు జాన్ లాయిడ్ స్టీఫెన్స్. 1805లో న్యూజెర్సీలో జన్మించి, న్యూయార్కున న్యాయవాదియై, ఈజిప్టు, పెట్రా మున్నగు దేశములు తిరిగి, ఆ వృత్తాంతమును 1837లో ప్రకటించి పేరు గడించినవాడు. రెండవవాడు ఫ్రెడరిక్ కేథర్‌వుడ్. 1799లో లండనులో పుట్టిన వాస్తుశిల్పి, చిత్రకారుడు. ఇతడును ఈజిప్టు, పాలస్తీనా దేశములలో ఏండ్లతరబడి శిథిలములను చిత్రించెను. వీరిరువురును 1836లో లండనులో కలిసికొనిరి. ఈజిప్టు శిల్పమును కన్నులార చూచినవారే ఇరువురు నగుట తరువాతి కథకు ముఖ్యము.

1839 అక్టోబరు 3వ తేదీన వీరు ఒక ఆంగ్లేయ నౌకపై బయలుదేరి, ఆ నెల చివర బెలీజు చేరిరి. స్టీఫెన్స్ చేతిలో అధ్యక్షుడు వాన్ బ్యూరెన్ ఇచ్చిన రాయబారి నియామకపత్రము కలదు. మధ్యామెరికా సమాఖ్య ప్రభుత్వమును కలిసికొని వ్యవహరించుట అతని పని. కాని 1823లో ఏర్పడిన ఆ సమాఖ్య అప్పటికే ముక్కలగుచుండెను. ప్రభుత్వము ఎచ్చట నున్నదో వెదకుచు ఒక రాయబారి ఊరూరు తిరుగుట రాజ్యతంత్ర చరిత్రలో అరుదైన దృశ్యము. కేథర్‌వుడ్‌తో స్టీఫెన్స్‌కు వ్రాతపూర్వకమైన ఒడంబడిక కలదు. 1,500 డాలర్లకు అతడు చిత్రములు గీయవలెను. గ్రంథము మాత్రము స్టీఫెన్స్‌ది. స్నేహమునకు ఒప్పందపత్రమేల అని అడుగువారుందురు. స్నేహము చెడకుండుటకే అట్టి పత్రములు వ్రాసికొందురని మా యభిప్రాయము. వీరి స్నేహము కడవరకు చెడలేదు.

బెలీజునుండి పొగయోడలో రియో దుల్సే నదీముఖమున ప్రవేశించి, ఇసబాల్ అను రేవుపట్టణము చేరి, అచ్చటినుండి కంచరగాడిదలపై మీకో కొండను దాటిరి. బురద మోకాటిలోతు. ఆ కాలమున సముద్రతీరమునుండి గ్వాటిమాలా నగరమునకు పోవు సరకంతయు ఆ బాటనే పోవుచుండెను. సకాపా పట్టణము మీదుగా కమోతాన్ గ్రామము చేరునప్పటికి రాత్రియైనది. గ్రామ కచేరీలో పరుండియుండగా తుపాకులు, కత్తులు చేబూనిన భటులు వచ్చి వీరిని నిర్బంధించిరి. దేశమున అంతర్యుద్ధము సాగుచుండెను. పైఅధికారుల కొక ఉత్తరము వ్రాసి, దానిపై ముద్రవేయుటకు వేరొకటి లేక, అమెరికా అర్ధడాలరు నాణెమును లక్కపై అద్దిరి. నాణెముపై నున్న గరుడపక్షి తన పని నెరవేర్చెను. కొంతసేపటికి వీరికి విడుదల కలిగినది. ఇట్టి ఘట్టములను స్టీఫెన్స్ నవ్వుచు వ్రాసెను. పాఠకునికి వినోదము కలుగును. చరిత్రకారునికి మాత్రము 1839లో ఆ దేశపు గ్రామాధికార మెవరి చేతిలో నున్నదో తెలియును. చదువురాని భటుని చేతి తుపాకి, అతని కర్థముకాని ముద్ర - ఈ రెండును తప్ప అచ్చట వేరొక అధికారము లేదు.

కోపాన్ నేడు హోండూరాస్ దేశమున, గ్వాటిమాలా సరిహద్దుకు సమీపమున నున్నది. నది కావలియొడ్డున రాతిగోడ కనబడగా, మిత్రులు నదిని దాటి అడవిలో ప్రవేశించిరి. అచ్చట వారు చూచినది మనుజప్రమాణమునకు రెండింతలున్న శిలాస్తంభములు. ముందువైపున రాజవేషముతో నిలిచిన మూర్తి. ప్రక్కలను, వెనుకను గడులుగడులుగా చెక్కిన చిత్రలిపి. స్తంభము ముందు బలిపీఠము. కొన్ని నిలిచియున్నవి, కొన్ని పడియున్నవి, కొన్నింటిని చెట్లవేళ్ళు పెనవేసికొన్నవి. స్థలము యజమాని అసెబెదో అను రైతు. స్టీఫెన్స్ ఆ భూమిని కొనదలచి, తన పెట్టెలోని రాయబారి కోటును, దాని పెద్ద గరుడముద్రల బొత్తములను ధరించి, బురద అంటిన తెల్ల పంట్లాముతోనే బేరమాడెను. ధర 50 డాలర్లు. రాళ్ళకు ఇంత వెల యిచ్చువాడు వెఱ్ఱివాడని రైతు అనుకొనియుండునని స్టీఫెన్స్ వ్రాసెను. శిల్పములను నదిలో దించి న్యూయార్కు ప్రదర్శనశాలకు చేర్పవలెనని అతని యూహ. అది నెరవేరలేదు. నెరవేరకుండుట మేలైనది.

ఈ ఘట్టమునే అందరును ఉదాహరింతురు. మాకు ఇంతకంటె ముఖ్యముగా తోచునది కేథర్‌వుడ్ మొదటిరోజు పడిన అవస్థ. అతడు బురదలో నిలువబడి, దోమలకు ఓర్వలేక చేతులకు తొడుగులు వేసికొని, పొద్దుగూకువరకు గీచెను. గీచిన కాగితములను పారవైచెను. గ్రీకు, రోము, ఈజిప్టు శిల్పములను సునాయాసముగా చిత్రించిన చేయి ఇచ్చట పనిచేయలేదు. కారణము స్పష్టము. చిత్రకారుడు సామాన్యముగా తానెరిగిన రూపములతో పోల్చుకొని గీయును. ఇచ్చట పోల్చుటకు ఏమియు లేదు. అలంకారమెచ్చట ముగిసి అవయవమెచ్చట మొదలగునో తెలియదు. మరునాటినుండి అతడు కెమెరా లూసిడా అను పట్టకపు సాధనముతో, అర్థమైనను కాకున్నను ఉన్న గీతను ఉన్నట్లు దింపుటకు పూనుకొనెను. అదియే అతని విజయము. ఇతనికి పూర్వము పలెంకే శిథిలములలో పనిచేసిన వాల్డెక్ అను చిత్రకారుడు అచ్చటి చిత్రలిపిలో ఏనుగు తలలను చూచి అట్లే గీచెను. మధ్యామెరికాలో నాడు ఏనుగు లేదు. తెలిసినదానిని శిలపై ఆరోపించుటకును, తెలియనిదానిని తెలియనట్లే వ్రాసికొనుటకును గల భేదము ఈ ఇద్దరి చిత్రములను ప్రక్కప్రక్కన నుంచిన తేటతెల్లమగును. శాసనములకు నకళ్ళు తీయు మన పరిశోధకవిద్యార్థులు ఈ భేదమును గుర్తింపవలెనని మా కోరిక. చదువరాని అక్షరమును ఊహతో పూరించిన నకలు తరువాతివానికి దారి మూసివేయును.

కేథర్‌వుడ్‌ను కోపాన్‌లో విడిచి స్టీఫెన్స్ తన ప్రభుత్వాన్వేషణకు సాగిపోయెను. గ్వాటిమాలలో యువకుడగు కరేరాను చూచెను. తరువాత సముద్రమార్గమున కోస్టారికా వెళ్ళి, ఇరాసూ అగ్నిపర్వతము నెక్కి రెండు మహాసముద్రములను ఒకేచోటినుండి చూచెను. నికరాగ్వాలో కాలువ త్రవ్వుటకు అనువగు మార్గమును పరిశీలించెను. చలిజ్వరము పట్టుకొనెను. 1840 మార్చిలో కరేరా చేతిలో ఓడి వెనుదిరిగిన మొరజాన్‌ను దారిలో కలిసికొనెను. సమాఖ్య అంతటితో ముగిసినట్లే. ఈ నడుమ కేథర్‌వుడ్ కిరిగ్వా శిథిలములను చూచివచ్చెను. పిమ్మట ఇరువురును కూడి ఏప్రిలులో గ్వాటిమాల విడిచి, కిచే ప్రజల ప్రాచీన రాజధానియగు ఉతత్లాన్ శిథిలములను, కెసాల్తెనాంగో, వేవేతెనాంగో పట్టణములను దాటి, మెక్సికోకు చెందిన చియాపాస్ రాష్ట్రమున ప్రవేశించిరి. పలెంకేను సయితము కొనవలెనని స్టీఫెన్స్ తలపెట్టగా, ఆ దేశపు కన్యను పెండ్లాడినగాని పరదేశికి భూమి కొను హక్కు లేదని తెలియవచ్చెను. అతడు ఆ ఊరి పెండ్లికాని స్త్రీలను గూర్చి కొంత పరిహాసమాడి ఊరకుండెను. అచ్చటినుండి యుకతాన్‌లోని ఉష్మాల్ చేరునప్పటికి కేథర్‌వుడ్‌కు జ్వరము ముదిరినది. 1840 జూలై చివర ఇరువురును న్యూయార్కు చేరిరి. 1841లో రెండు సంపుటములుగా గ్రంథము వెలువడెను.

ఆ గ్రంథపు చివర స్టీఫెన్స్ ఒక తీర్పు చెప్పెను. నాటి పండితులు ఈ నగరములను ఈజిప్టువారు కట్టిరనియు, ఫినీషియనులు కట్టిరనియు, ఇశ్రాయేలు తప్పిపోయిన గోత్రములవారు కట్టిరనియు వాదించుచుండిరి. హిందూదేశమునుండి వచ్చినవారే కట్టిరనువారును లేకపోలేదు. స్టీఫెన్స్ ఈ వాదముల నన్నిటిని ఒక్కొక్కటిగా ఎత్తి త్రోసివేసెను. ఈజిప్టు పిరమిడ్లకును ఇచ్చటి వేదికలకును పోలిక పైపైది మాత్రమే. ఎలిఫెంటా, ఎల్లోరాలవలె కొండను తొలిచిన గుహాలయములు ఇచ్చట లేవు. ఈ శిల్పము ఈ నేలపైననే పుట్టినది. దీనిని నిర్మించినవారు స్పెయినువారు వచ్చునప్పటికి ఇచ్చట నివసించుచుండిన ప్రజలో, వారికి అంతగా దూరముకాని పూర్వులో అయియుందురు. చిత్రలిపిలో నున్నది వారి చరిత్రయే. ఇది అతని తీర్పు. ఆ లిపిలో ఒక్క గుర్తునైనను అతడు చదువలేడు. అయినను ఇంత దృఢముగా ఎట్లు చెప్పగలిగెను? మేము ఈ విషయమును ఆలోచించి చూడగా రెండు కారణములు తోచుచున్నవి. ఒకటి, పోల్చవలసిన ఈజిప్టును అతడు స్వయముగా చూచియుండుట. రెండవది, నడకవేగముతో చేసిన యాత్ర. కోపాన్, పలెంకే, ఉష్మాల్ నడుమ దూరము ఎంతయో కలదు. పుస్తకశాలలో కూర్చున్న పండితునకు అవి మూడు వింతలు. ఊరినుండి ఊరికి కంచరగాడిదపై పోయినవానికి కోపాన్‌లో చూచిన లిపియే పలెంకేలో మరల కనబడినది. ఇదంతయు ఒకే జాతి, ఒకే లిపి అను ఊహ అచ్చట కలిగినది.

ఈ తీర్పు నిలుచుటకు చాల కాలము పట్టెను. కోపాన్‌లో నలుచదరపు బలిపీఠ మొకటి కలదు. పరిశోధకులు దానికి 'క్యూ' అను అక్షరమును సంకేతముగా నిచ్చిరి. నాలుగు ప్రక్కల నలుగురు చొప్పున 16 మంది కూర్చున్నారు. పైతలమున 36 గడులలో లిపి కలదు. పడమటి ముఖమున నడుమనున్న ఇద్దరు ఎదురెదురుగా ఉన్నారు. మిగిలిన 14 మందియు రెండు జట్లుగా వారి వెనుక నున్నారు. కేథర్‌వుడ్ దీనిని చిత్రించెను. ఇద్దరు నాయకుల సంభాషణయో, సంధియో అయియుండవచ్చుననియు, పైనున్న వ్రాత ఏదియో చారిత్రక సంఘటనమును తెలుపుననియు స్టీఫెన్స్ భావించెను. 20వ శతాబ్ది పూర్వార్ధమున మాయా పండితులు ఇంతకంటె చాల దూరము పోయిరి. కాలగణన గుర్తులు మాత్రమే అప్పటికి చదువబడినందున, శాసనములన్నియు కాలగణనమే యనియు, ఈ 16 మందియు పంచాంగమును సవరించుటకు కూడిన జ్యోతిశ్శాస్త్రజ్ఞుల సభ యనియు నమ్మిరి. మహాపండితుడగు ఎరిక్ థాంప్సన్ 1950లో ప్రకటించిన గ్రంథమున శాసనములలో రాజుల చరిత్ర లేదనియే నిర్ణయించెను. 1952లో రష్యా పండితుడు క్నోరొజోవ్ ఆ లిపిలో ధ్వనులను తెలుపు గుర్తులు కలవని చూపెను. 1958లో బెర్లిన్ నగరములకు సంబంధించిన ముద్రలను గుర్తించెను. 1960లో తాత్యానా ప్రొస్కొరియకాఫ్ పియెద్రాస్ నెగ్రాస్ శాసనములలో తేదీలు రాజుల జననమునకును, పట్టాభిషేకమునకును చెందినవని నిరూపించెను. థాంప్సన్ ఆమె వాదమును అంగీకరించెను.

నేడు ఆ బలిపీఠమును చదువగలుగుచున్నారు. 16 మందియు కోపాన్‌ను వరుసగా ఏలిన 16 మంది రాజులు. వంశకర్త కీనిచ్ యష్ కుక్ మో 5వ శతాబ్ది పూర్వభాగమున రాజ్యమునకు వచ్చినవాడు. అతడు తన 16వ వారసుడగు యష్ పసాహ్‌కు రాజచిహ్నము నందించుచున్నాడు. ప్రతిష్ఠ జరిగినది క్రీ. శ. 776లో. ప్రక్కనే త్రవ్వగా 15 చిరుతజాతి మృగముల ఎముకలు బయల్పడినవి. పూర్వరాజు ఒక్కొక్కనికి ఒక్కొక్క బలి యని పండితుల అభిప్రాయము. మన తామ్రశాసనములలోని వంశావళిని రాతిలో కూర్చుండబెట్టిన చందము. స్టీఫెన్స్ సంధి యనుకొన్నది సంధి కాకపోయినను, అది చరిత్ర యనుట నిజమైనది. ఇంచుమించు 120 ఏండ్లు వృత్తిపండితులకంటె దారిని పోయిన న్యాయవాదియే సత్యమునకు చేరువగా నుండెను.

ఈ సందర్భమున మన దేశమునకు సంబంధించిన ఒక మాట చెప్పక తప్పదు. 1924లో ఎలియట్ స్మిత్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు కోపాన్‌లోని ఒక స్తంభముపై నున్న వంకర ముక్కులను ఏనుగు తొండములుగా భావించి, మాయా నాగరకత భారతదేశమునుండి వచ్చినదని గ్రంథము వ్రాసెను. 1940లో చమన్‌లాల్ 'హిందూ అమెరికా' అను గ్రంథమున ఈ వాదమును పెంచెను. మనవారిలో నేటికిని దీనిని ముచ్చటించువారు కలరు. ఆ ముక్కులు పెద్ద రామచిలుకవి. ఆ స్తంభముపైనున్న లిపియే ఆ స్థలమును రామచిలుకల కొండ యని పేర్కొనుచున్నది. మన పూర్వుల గొప్పతనమునకు పరుల శిల్పమును అరువు తెచ్చుకొను అగత్యము లేదు. పైగా అట్లు చేయుట ఆ నేలపై నేడును నివసించు లక్షలకొలది మాయా ప్రజల పూర్వులచేతి ఉలిని లాగికొనుటయే యగును.

ఇంతవరకు స్టీఫెన్స్ బలము చెప్పితిమి. బలహీనత రెండవ యాత్రలో స్పష్టమగును. 1841 అక్టోబరులో మిత్రులిరువురును బోస్టను వైద్యుడగు కాబట్‌ను వెంటబెట్టుకొని యుకతాన్ వెళ్ళిరి. కాబట్ పక్షిశాస్త్రజ్ఞుడు కూడ. మెరిదా పట్టణమున వీరు అప్పుడే కనుగొనబడిన డాగెరోటైపు యంత్రముతో ఊరివారి ఛాయాచిత్రములు తీసిరి. మెల్లకన్నులకు శస్త్రచికిత్స చేసిరి. ఉష్మాల్, కాబా, చిచెన్ ఇత్సా చూచిన పిమ్మట తీరమునకు వచ్చి ఒక దోనె నెక్కి దీవులకు సాగిరి. కోసుమెల్ దీవిలో 1518లో గ్రిహాల్వా, 1519లో కోర్తెస్ దిగి పూజలందుకొనుచున్న దేవాలయములను చూచిరి. ఈ ముగ్గురు మిత్రులు దిగినప్పుడు ఆ దీవిలో మనుష్యసంచారము లేదు. విడిచిన గుడిసెలు, అడవిలో చిన్న ఆలయములు మాత్రమే ఉన్నవి. ఎదురుగా తీరమున ప్రాకారముగల తులూమ్ నగరమును దర్శించి, తిరుగుదారిలో స్త్రీలదీవి యను పేరుగల ఇస్లా ముహేరెస్‌ను చూచిరి. అది ఒకప్పుడు లఫీత్ అను ఓడదొంగ విడిది యని జాలరులు చెప్పుకొనుచుండిరి. స్టీఫెన్స్ దీవుల వర్ణన సుఖముగా చదువుకొనదగినది. కాని మూడు వందల యేండ్ల వలసపాలనలో ఒక పుణ్యక్షేత్రపు జనమేమైనదను ప్రశ్నను అతడు దీర్ఘముగా విచారింపలేదు.

యుకతాన్ ఎస్టేటులలో మాయా కూలీల దాస్యమును అతడు చూచెను. కొరడాదెబ్బలు తిని ఎదురుచెప్పని కూలివానిని వర్ణించెను. వీరు సాధువులు, లొంగినవారు అను భావము అతని పుటలలో కలదు. చియాపాస్ కొండదారిలో తనను కుర్చీలో కూర్చుండబెట్టుకొని వీపున మోసిన మనిషి ఊపిరిబరువు వినలేక దిగిపోతినని వ్రాసినవాడును అతడే. దయ లేనివాడు కాడు. కాని గ్రంథము వెలువడిన నాలుగేండ్లకు, 1847లో, ఆ సాధువులే తిరుగుబాటు చేసిరి. ఆ యుద్ధము 1901 వరకు సమసిపోలేదు. తులూమ్ ప్రాంతము తిరుగుబాటుదారుల వశమై, అనేక దశాబ్దములు పరదేశికి అచ్చట అడుగుపెట్టుట దుర్లభమైనది. రాతి గతమును సరిగా ఊహించిన కన్ను మనుష్యుల భవిష్యత్తును చూడలేదు. అతడు రాళ్ళ యెదుట ఎన్నిదినములో నిలిచెను, మనుష్యుల యెదుట ఒక్కొక్క రాత్రి మాత్రమే నిలిచెను. ఈ గ్రంథమును ఆధారముగా గ్రహించు విద్యార్థి ఈ తూకమును మరువరాదు. దారి నరికినవారు, సామాను మోసినవారు ఆ పుటలలో పెక్కుచోట్ల పేరులేనివారుగనే యున్నారు.

వీరు తెచ్చిన వస్తువుల గతి విచారకరము. కాబాలోని చెక్కడపు దూలమును, మరికొన్ని శిల్పములను న్యూయార్కులో కేథర్‌వుడ్ చిత్రప్రదర్శనశాలలో నుంచిరి. 1842 జూలై 31వ తేదీ రాత్రి ఆ శాల తగులబడి అన్నియు బూడిదయైనవి. ఆలస్యముగా వచ్చిన కొన్ని రాళ్ళు మాత్రము మిగిలినవి. వానిని స్టీఫెన్స్ తన స్నేహితుడొకనికీయగా, అతడు హడ్సన్ నదిలోని తన దీవిలో కృత్రిమ శిథిలగోడలు కట్టించి వానిలో నిలిపెను. తరువాత అవి న్యూయార్కు ప్రకృతిశాస్త్ర ప్రదర్శనశాలను చేరినవి.

1843లో రెండవ గ్రంథమును, 1844లో కేథర్‌వుడ్ స్వయముగా ప్రకటించిన 25 చిత్రముల సంపుటమును వెలువడినవి. పిమ్మట కేథర్‌వుడ్ డెమెరారాలో రైలుమార్గపు పని చేసెను. 1845నుండి మదరాసు కూలీలను తెచ్చిన ఓడలు చేరుచుండినది ఆ తీరమునకే. స్టీఫెన్స్ పనామా రైలుమార్గ సంస్థకు అధ్యక్షుడై, మిత్రుని అచ్చటి పనికి పిలిపించుకొనెను. ఆ పనిలో దెబ్బతిన్న ఆరోగ్యముతో 1852లో మరణించెను. 1854 సెప్టెంబరు 27వ తేదీన ఆర్కిటిక్ అను పొగయోడ మునిగినప్పుడు కేథర్‌వుడ్ అందులో నుండెను. మృతుల జాబితాలలో అతని పేరు చాలదినములు కనబడలేదు.

1841 గ్రంథపు ముఖపత్రమున చిత్రములున్నవని అచ్చువేసిరి కాని చిత్రకారుని పేరు వేయలేదు. నాలుగు సంపుటములలోను స్టీఫెన్స్ అతనిని కేథర్‌వుడ్ గారు అనియే వ్యవహరించెను. మనిషి ఎట్లుండునో ఒక్కచోటనైనను వర్ణింపలేదు. నిశ్చయముగా అతనిదని చెప్పదగిన రూపచిత్రమేదియు దొరకలేదు. 1844 సంపుటములోని తులూమ్ ఆలయ చిత్రమున గోడవద్ద కొలత పట్టుచు నిలిచిన చిన్న ఆకృతి అతనిదే యని కొందరి యూహ.